నొప్పికి దిండు సాయం

ఆపరేషను అయిన మనిషి దగ్గటానికి జంకుతాడు. కుట్లు లాగుతాయి గదా! కాని దగ్గు బిగబట్టితే ఊపిరితిత్తులలో కఫం పేరుకుని న్యుమోనియాకు దారి తీయవచ్చు. మా అత్తగారికి పొట్ట ఆపరేషను అయినప్పుడు నర్సు చేసిన ఉపాయం కళ్లారా చూశాను. ఆవిడను ఏటవాలుగా కూర్చోబెట్టి, మోకాళ్లు మడిపించి, కుట్లమీద చిన్న దిండు ఆనించి, “రెండు చేతులా అదిమి పట్టుకుని దగ్గండమ్మా!” అన్నది. ఆవిడ దగ్గి, “ఫరవాలేదే!” అన్నారు.

మోకాళ్లు మడిస్తే పొట్ట కండరాలు సడలుతాయి. దిండు కుట్లను అట్టే కదలనీయదు. ఆప్యాయంగా ఒళ్లు నిమిరితే నొప్పి తగ్గడమూ వట్టి భ్రమ కాదు. స్పర్శ నొప్పి కబురును వెన్నుపాములోనే అడ్డగించగలదని మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో ప్రతిపాదించారు.

ఇవన్నీ మందుకు తోడేగాని బదులు కావు. నొప్పి హెచ్చితే వెంటనే నర్సుకు చెప్పాలి. పరామర్శకు వెళ్లేవారు కుట్లెన్ని పడ్డాయని అడిగేకన్న, ఆ దిండు అందివ్వడం మేలు.