పుట్టించిన ప్రాణి, తయారుచేసిన బుద్ధి



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం పైకి చూస్తే పిల్లలు అడిగే ప్రశ్నలా ఉంటుంది. సినిమాల్లో వేరే గ్రహం నుంచి వచ్చిన ప్రాణి ఒకటి కనిపిస్తుంది. అది తల్లి కడుపున పుట్టినది కాదు, ఒక శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో తయారుచేసినది. ఆలోచిస్తుంది, ఎత్తులు వేస్తుంది, మాటలు నేర్చుకుంటుంది. మరి దాన్ని కృత్రిమ మేధస్సు అనవచ్చునా? ఎవరో తయారుచేశారు కనుక కృత్రిమం, ఆలోచిస్తుంది కనుక మేధస్సు, రెండూ కలిపితే కృత్రిమ మేధస్సే కదా అని ఎవరికైనా తోస్తుంది. ఈ లెక్క ఎంతవరకు సరైనదో చూద్దాం.

ఉదాహరణకు ఒక పాత్రను తీసుకుందాం. 2002లో డిస్నీ సంస్థ ‘లిలో అండ్ స్టిచ్’ అనే బొమ్మల చిత్రం విడుదల చేసింది. 2025లో ఆ కథనే నటీనటులతో మళ్లీ తీశారు. అందులో స్టిచ్ అనే నీలిరంగు ప్రాణి ఉంది. జుంబా అనే వేరే గ్రహపు శాస్త్రజ్ఞుడు జన్యువులను మార్చి, చట్టానికి విరుద్ధంగా దాన్ని పుట్టించాడు. అది అతని 626వ ప్రయోగం. తుపాకి గుండు దాన్ని ఏమీ చేయదు, నిప్పు కాల్చదు. సూపర్ కంప్యూటర్ కన్నా వేగంగా ఆలోచిస్తుందని జుంబా గొప్పగా చెప్పుకుంటాడు. కనిపించిన వస్తువునల్లా ధ్వంసం చేయాలన్న స్వభావాన్ని దానికి పుట్టుకతోనే పెట్టాడు. అది తప్పించుకుని వచ్చి మన భూమి మీద హవాయి దీవుల్లో పడుతుంది. తల్లిదండ్రులు లేని లిలో అనే చిన్నపిల్ల దాన్ని కుక్క అనుకుని తెచ్చి పెంచుకుంటుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ముందుగా ‘కృత్రిమ’ అనే మాటను కాస్త పరీక్షగా చూడాలి. పశువులున్న ఇళ్లవారికి ఇది సులువుగానే తెలుస్తుంది. ఆవు ఎదకు వస్తే పశువుల ఆస్పత్రికి తోలుకుపోయి సూది వేయిస్తాం. దాన్ని కృత్రిమ గర్భధారణ అంటారు. నెలలు నిండి దూడ పుడుతుంది. ఆ దూడను ఎవరైనా కృత్రిమ దూడ అంటారా? అనరు. అది లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటుంది, ఆకలేస్తే అరుస్తుంది. అక్కడ కృత్రిమమైనది గర్భం కలిగించిన పద్ధతి మాత్రమే. అదే కాలు పోయినవారికి అమర్చే జైపూర్ కాలు సంగతి వేరు. అక్కడ కాలే కృత్రిమం. మాట ఒకటే అయినా, ఒకచోట పద్ధతికి తగిలింది, మరొకచోట వస్తువుకే తగిలింది.

ఇంకొక మెట్టు పైకి వెళదాం. 2009లో హర్యానా రాష్ట్రం కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థవారు క్లోనింగ్ పద్ధతిలో గరిమ అనే గేదె దూడను పుట్టించారు. దాని పుట్టుకలో మనిషి చేయి సూది మందు కన్నా చాలా ఎక్కువే ఉంది. అయినా గరిమ తల మెదడుతోనే పనిచేసింది. ఏ గేదెకైనా ఉండే తెలివే దానికీ ఉంది. పుట్టుకలో మనిషి చేయి ఎంత పెరిగినా, ఆ తెలివి యంత్రం తెలివి కాలేదు.

కృత్రిమ మేధస్సు అన్న మాటకు పునాది వేసినవారు కూడా ఈ తేడాను మొదటినుంచీ గమనించారు. ఇంగ్లండుకు చెందిన గణితశాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్ 1950లో ‘మైండ్’ అనే పత్రికలో యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్న మీద ఒక వ్యాసం రాశారు. మనిషి చర్మంలోని ఒక్క కణం నుంచి పూర్తి మనిషిని పెంచగలిగితే అది జీవశాస్త్రంలో ఎంతో మెచ్చుకోదగిన విజయమే అవుతుంది కాని, ఆలోచించే యంత్రాన్ని నిర్మించినట్టు కాదని అందులో ఆయన అభిప్రాయం. క్లోనింగ్‌తో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది 1996లో. అంటే దానికి 46 ఏళ్ల ముందే ఆయన ఈ చిక్కును ఊహించి, తన ప్రశ్నను డిజిటల్ కంప్యూటర్లకే పరిమితం చేసుకున్నారన్నమాట. తర్వాత 1955లో అమెరికాలో జాన్ మెకార్తీ, ఆయన మిత్రులు కలిసి ఒక పరిశోధన ప్రతిపాదన రాశారు. కృత్రిమ మేధస్సు అన్న అర్థం వచ్చే ఆంగ్ల పదం పుట్టింది అందులోనే. తెలివిలోని ప్రతి అంశాన్నీ విడమరచి వర్ణించగలిగితే, ఒక యంత్రం చేత ఆ పని చేయించవచ్చునన్నది వారి నమ్మకం. 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో దాని మీద సమావేశమయ్యారు. కనుక ఆ పేరు యంత్రంలో నడిచే తెలివికి పెట్టిన పేరు.

ఈ కొలతతో రెండు పాత్రలను పక్కపక్కన నిలబెడదాం. 2010లో తమిళంలో ‘ఎందిరన్’గా, తెలుగులో ‘రోబో’గా వచ్చిన సినిమాను మన సరిహద్దు ఊళ్లలో రెండు భాషల్లోనూ చూసినవారు ఉంటారు. అందులో చిట్టి లోహంతో చేసిన యంత్రం. దాని ఆలోచన చిప్పుల్లో, ప్రోగ్రాముల్లో నడుస్తుంది. ఒక చిప్పు మారిస్తే మంచివాడు కాస్తా దుర్మార్గుడవుతాడు. చివరికి కోర్టు తీర్పు ప్రకారం తన భాగాలను తానే విప్పుకుంటాడు. 2018లో వచ్చిన రెండో సినిమాలో ఆ భాగాలను మళ్లీ బిగిస్తే లేచి నిలబడతాడు. ఇది కచ్చితంగా కృత్రిమ మేధస్సే. స్టిచ్‌ను అలా విప్పి మళ్లీ బిగించలేరు. దానిది ప్రాణమున్న దేహం. కథలో ఒకచోట అది బాతుపిల్ల కథల పుస్తకం పట్టుకుని ఒంటరిగా అడవిలోకి వెళ్లి, తనవాళ్లు ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తుంది. కనుక స్టిచ్‌ను కృత్రిమంగా పుట్టించిన ప్రాణి అనాలి. దాని బుద్ధి మాత్రం ప్రాణి బుద్ధే. వేరే గ్రహం నుంచి వచ్చిందా, ఈ గ్రహందేనా అన్నదానికి ఇక్కడ సంబంధమే లేదు. వేరే గ్రహంవారు ఒక కంప్యూటర్ చేసి పంపితే అది కృత్రిమ మేధస్సే అవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ధ్వంసం చేయమని జుంబా ముందే రాసిపెట్టాడు కదా, అది ప్రోగ్రామే కదా అని. మన ఎడ్లనే చూడండి. ఒంగోలు గిత్త, హళ్లికార్ ఎద్దు, దేవని పశువు, ఇవన్నీ బరువు లాగడానికీ, దుక్కికీ తగినట్టు తరతరాలుగా రైతులు ఏరి కూర్చి పెంచుకున్న జాతులు. వాటి స్వభావంలో మన ఎంపిక ఉంది. అంతమాత్రాన ఎద్దును యంత్రం అనం. పైగా స్టిచ్ తనకు పెట్టిన స్వభావాన్ని దాటి లిలో కుటుంబాన్ని కాపాడుతుంది. నేర్చుకోవడం ఒక్కటే గీటురాయి అనుకుందామా అంటే, నేటి కంప్యూటర్లు కూడా లక్షల ఉదాహరణలు చూసి నేర్చుకుంటున్నాయి. కాబట్టి నేర్చుకుంటుందా లేదా అన్నది తేల్చదు. ఆ ఆలోచన దేనిలో నడుస్తోందన్నదే తేలుస్తుంది.

అన్నీ ఇంత స్పష్టంగా విడిపోతాయని కాదు. మన జిల్లాల్లో సరిహద్దు రాయి ఒకచోట ఉంటే, భాష మారేది మరోచోట. ఇక్కడా అంతే. ‘రోబో’ అనే మాటకు మూలం చెకోస్లోవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన నాటకం. వెట్టిచాకిరి అని అర్థం వచ్చే చెక్ మాట నుంచి అది పుట్టింది. ఆ నాటకంలోని రోబోలు లోహపు బొమ్మలు కావు. ఒక రకమైన జీవపదార్థంతో చేసిన మనుషులు. అంటే మొట్టమొదటి రోబోలు చిట్టి కన్నా స్టిచ్‌కే దగ్గరి చుట్టాలు. ఇక నిజ జీవితంలో, 2022లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ శాస్త్రజ్ఞులు సుమారు 8 లక్షల నాడీకణాలను ఒక ఎలక్ట్రానిక్ పలక మీద పెంచి, కంప్యూటర్ తెర మీద బంతిని కొట్టే ఆటకు అలవాటు చేశారు. అక్కడ ప్రాణమున్న కణాలూ ఉన్నాయి, యంత్రమూ ఉంది. దాన్ని ఏ పక్కన చేర్చాలో పేరు పెట్టేవారే ఆలోచించుకోవలసి వస్తుంది.

ఇంతకీ పేరు ఏదైతే ఏమిటి అని మీరు అనవచ్చు. పేరును బట్టే మన ప్రవర్తన ఉంటుంది. ప్రాణమున్నదాన్ని యంత్రం అన్నామా, అవసరం తీరాక పారేయవచ్చునన్న ఆలోచన వస్తుంది. ఆకలి, నొప్పి, భయం ఉన్న జీవిని ప్రయోగశాలలో పుట్టించినవాడికి దాని బాగోగులు చూసే బాధ్యత కూడా ఉంటుంది. ఆ సినిమాలో స్టిచ్‌ను తీసుకుపోవడానికి పాలకురాలు వచ్చినప్పుడు, రెండు డాలర్లకు కొన్న రసీదు చూపించి లిలో అడ్డుపడుతుంది. కాని దాన్ని నిజంగా కాపాడింది ఆ పిల్ల దాన్ని తన ఇంటి మనిషిగా ఎంచడమే.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. యంత్రాన్ని ప్రాణి అన్నామా, దాన్ని చేసినవారు తప్పించుకుంటారు. అప్పు కోసం వెళితే కంప్యూటర్ ఒప్పుకోలేదంటారు. మన యాసలో మాట్లాడితే ఫోను ఇంకేదో విని ఇంకేదో రాస్తుంది. అప్పుడు ‘అదే అలా అనుకుంది’ అంటే మనం సమాధానపడకూడదు. దానికి నియమాలు పెట్టినవారు ఉన్నారు, ఉదాహరణలు ఏరి ఇచ్చినవారు ఉన్నారు, దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టినవారు ఉన్నారు. వారు జవాబు చెప్పాలి. స్టిచ్‌ను చట్టానికి విరుద్ధంగా పుట్టించినందుకు మొదట బోనులో నిలబడింది కూడా జుంబాయే.

కాబట్టి ఈసారి మీ పిల్లలు ఇటువంటి పాత్రను చూపించి ఇది కృత్రిమ మేధస్సేనా అని అడిగితే, తిరిగి రెండు ప్రశ్నలు వేయండి. అది ఎలా పుట్టింది? అది దేనితో ఆలోచిస్తుంది? మొదటిదానికి జవాబు దాన్ని పుట్టించినవారి బాధ్యతను చెబుతుంది. రెండోదానికి జవాబు దాని పేరును చెబుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయకుండా ఉంటే చాలు, ఎంత కొత్త వింత వచ్చినా మనం తడబడం.