కాపలా కుక్కకు మూత్రంలో రాళ్లు: మూడు రోజులు ఆలస్యం చేసి నేను నేర్చుకున్నది

ఈసారి పంట గురించి కాదు, పంటను కాపాడే కుక్క గురించి చెప్తా.

కోరుట్ల దగ్గర మా పసుపు, మక్క చేన్లకు కోతుల బెడద ఎక్కువ. అందుకే నాలుగేండ్ల కింద సిరిసిల్లలో తెలిసినవాళ్ల దగ్గర నుంచి ఒక డాల్మేషియన్ మగపిల్లను తెచ్చుకున్నాం. తెల్ల ఒంటి మీద నల్ల మచ్చలు. అందుకే పిల్లలు 'మచ్చడు' అని పేరు పెట్టిన్రు.

పోయిన ఎండాకాలం మచ్చడు ఊకె కాలెత్తుడు, చుక్క చుక్క పోసుడు మొదలైంది. రెండో రోజు మూత్రం ఎర్రగా వచ్చింది. వేడి చేసిందనుకున్న. మనకు అలవాటే కదా, కొండపిండి కషాయం కాచి, ఉలవల నీళ్లు కలిపి తాగించిన. మూడో రోజు పొద్దుగాల చుక్క కూడా రాలేదు. కడుపు గట్టిపడింది, వాంతులు మొదలైనయి. అప్పుడు బండిలో ఎక్కించుకొని కోరుట్ల పశువైద్య కళాశాల ఆస్పత్రికి ఉరికిన. మూత్రనాళంలో రాయి అడ్డుపడింది. సన్న గొట్టంతో నీళ్లు పంపి రాయిని మూత్రసంచిలోకి వెనక్కి నెట్టి, తర్వాత ఆపరేషన్ చేసి తీసిన్రు. ఇంకొంచెం ఆగితే కుక్క దక్కకపోయేదని డాక్టర్ చెప్పిండు.

నా తప్పు ఎక్కడ?

దారి మూసుకుపోయినంక ఎంత తాగిస్తే సంచి అంత ఉబ్బుతది. కాలువలో బండ తీయకుండా తూము ఎత్తినట్టే. సంచి పగలవచ్చు. మూత్రంతో పోవాల్సిన పొటాషియం రక్తంలో పెరిగి గుండె ఆగవచ్చు. మగ కుక్క అంగంలో ఒక ఎముక ఉంటది, దాని కింది గాడిలోంచే మూత్రనాళం పోతది. అక్కడ నాళం సాగదు, రాయి అక్కడే ఇరుక్కుంటది.

జాతిని బట్టి రాయి

అన్ని రాళ్లు ఒకటి కాదు. స్ట్రూవైట్ రాళ్లు ఎక్కువగా ఆడ కుక్కల్లో, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల వస్తయి. డాక్టర్ ఇచ్చే మందు, ప్రత్యేక ఆహారంతో ఇవి చాలావరకు కరుగుతయి. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు షిట్జు, లాసా ఆప్సో, మినియేచర్ ష్నాజర్ లాంటి చిన్న జాతుల్లో ఎక్కువ. ఇవి కరగవు, తీయాల్సిందే. సిస్టీన్ రాళ్లు బుల్‌డాగ్, న్యూఫౌండ్‌లాండ్ లాంటి జాతుల్లో కనిపిస్తయి. నాటు కుక్కకైనా రాళ్లు రావచ్చు, పూర్తిగా నిశ్చింత లేదు.

మచ్చడిది యూరేట్ రాయి. మిగతా కుక్కల కాలేయం యూరిక్ ఆమ్లాన్ని నీళ్లలో సులువుగా కరిగే అల్లంటాయిన్‌గా మారుస్తది. డాల్మేషియన్‌లో యూరిక్ ఆమ్లం కాలేయ కణాల్లోకి సరిగా పోదు, మూత్రంలోకే దిగుతది. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2008లో గుర్తించిన్రు. అట్లని ప్రతి డాల్మేషియన్‌కూ రాళ్లు రావు, కానీ మగవాటికి ముప్పు ఎక్కువ. ఈ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో సరిగా కనపడవు, స్కానింగ్ అడగాలె.

నేను ఇంకో పొరపాటు కూడా చేసిన. చికెన్ షాపు నుంచి కార్జం, కందనకాయలు చవకగా వస్తయని రోజూ పెట్టిన. యూరిక్ ఆమ్లం పెంచే ప్యూరిన్లు కార్జంలోనే ఎక్కువ!

విత్తనంలోనే మందు

వరిలో ఒక మంచి గుణం కోసం వేరే రకంతో సంకరం చేసి, మళ్లీ మళ్లీ మొదటి రకంతోనే కలిపే పద్ధతి మనకు తెలిసిందే. అమెరికాలో 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త డాల్మేషియన్‌ను పాయింటర్ కుక్కతో ఒక్కసారి కలిపి, ఆ తర్వాత తరతరాలుగా డాల్మేషియన్‌తోనే కలిపించిండు. లోపం లేని డాల్మేషియన్లు అట్ల వచ్చినయి. 2011లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటి నమోదుకు ఒప్పుకుంది. విత్తనం ఎంపిక పంటకే కాదు, కుక్కకూ ముఖ్యమే.

ఇప్పుడు మేం చేస్తున్నవి

• చేను నాలుగు మూలలా నీడలో నీళ్ల తొట్లు. అన్నం, గుడ్డు, పెరుగు పలుచగా కలిపి పెడుతున్నం.
• కార్జం, కందనకాయలు పూర్తిగా బంద్.
• కట్టేసి ఉంచకుండా రోజుకు నాలుగైదుసార్లు మూత్రానికి వదులుతున్నం.
• కొన్ని నెలలకోసారి మూత్ర పరీక్ష.
• తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు ఇచ్చినం. రాయి రకం తెలిస్తేనే తిండి మార్చగలం.

మేకపోతులు, పొట్టేళ్లు ఉన్నవాళ్లూ వినండి. దాణా, తవుడు ఎక్కువైతే వాటికీ రాళ్లు అడ్డుపడతయి. పశువు ముక్కుతూ మూత్రం పోయలేకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకపోండి. కషాయం రేపైనా కాచుకోవచ్చు.

మచ్చడు ఇప్పుడు మళ్లీ కోతుల వెంట పడుతున్నడు. కింది వీడియోలో చూడండి. మీ కుక్కది ఏ జాతో, ఏం తినిపిస్తున్నరో కామెంట్లో రాయండి.