పంది, దాణా, కాటా

పందుల పెంపకంలో సుమారు మూడింట రెండు వంతుల ఖర్చు దాణాదే. తిన్నది ఒంటికి పడుతోందో లేదో మాత్రం రోజూ చూసే కంటికి అందదు. కాటా ఎక్కిస్తేనే తెలుస్తుంది.

కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తిన్నదో, అదే ఎఫ్‌సీఆర్. 60 కిలోలు తిని 20 కిలోలు పెరిగితే 3. దాన్ని 2.8కి దించడం చిన్న సంగతి కాదు. 30 కిలోల పంది 100 కిలోలకు ఎదిగేలోపు 14 కిలోల దాణా మిగులుతుంది. వంద పందులున్న షెడ్డులో అది 50 కిలోల బస్తాలు 28!

ఒకే పందిలోనూ ఎఫ్‌సీఆర్ వయసుతో పాటు పైకి పోతుంది. పాలు మాన్పించిన కొత్తలో 2 లోపే ఉండొచ్చు, వంద కిలోలు దగ్గరపడేసరికి 3 దాటుతుంది. కండలో ముప్పాతిక వంతు దాకా నీరే కాబట్టి కిలో కండ పెరగడానికి తక్కువ మేత చాలు. కొవ్వులో నీరు బాగా తక్కువ, అందుకే కిలో కొవ్వుకు చాలా ఎక్కువ మేత కావాలి. ముదిరేకొద్దీ పందికి పట్టేది కొవ్వే. ‘ఇంకో రెండు వారాలు ఆగితే ఇంకాస్త తూగుతుంది’ అనుకునే రైతు ఆ చివరి కిలోలకే అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడేనని నా నమ్మకం. ఎప్పుడు అమ్మాలో వరసగా రాసిపెట్టుకున్న తూకాలే చెబుతాయి.

ఇలా తూచి రాసిపెట్టుకోవడం కొత్తేమీ కాదు, డెన్మార్క్‌లో 1907లోనే పందులకు పరీక్షా కేంద్రాలు పెట్టారు. ఒకే ఈత పిల్లల్ని అక్కడ పెంచి, తిన్నదీ పెరిగినదీ తూచి, ఏ వంశాన్ని నిలుపుకోవాలో తేల్చేవారు.

కాటా లేదా? టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుతో, ఆపైన 69.3తో గుణిస్తే కిలోల్లో సుమారు బరువు. చుట్టుకొలత, పొడవు రెండూ మీటరైతే 69 కిలోలు. కొలిచేటప్పుడు పంది తల తిన్నగా ఉండాలి.

తూకం పొద్దున్నే, దాణా వేయకముందు. ఎదిగే పంది రోజుకు అయిదారు లీటర్ల నీళ్లు తాగుతుంది, కడుపులో లీటరు నీళ్లుంటే కాటా మీద కిలో కనిపిస్తుంది. అన్నిటినీ తూచలేకపోతే చెవికి గుర్తు వేసిన కొన్నింటినే ప్రతిసారీ తూచాలి.

హోటళ్ల మిగుళ్లు పెట్టేవారి లెక్క వేరు. అందులో చాలా భాగం నీరే, పది కిలోలు వేస్తే పది కిలోల దాణా వేసినట్టు కాదు.

ఎఫ్‌సీఆర్ చెడితే వెంటనే పంది జాతిని తప్పుపట్టకండి. ముందు తొట్టి కింద చూడండి, కాళ్ల కింద పడి నలిగిపోయిన దాణా కూడా తిన్న ఖాతాలోనే చేరుతుంది. తర్వాత నట్టల మందు ఎప్పుడు వేశారో చూడండి.