అద్దె పోగా మిగిలేదెంత?

గత షాబాన్ మాసంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజ్ ముగిసిన తరువాత మా పూర్వ విద్యార్థి ఒకడు మదరసాకు వచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీలో, పత్తర్‌గట్టిలోని ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాడు. సలాం చేసి, జేబులో నుంచి మడత పెట్టిన కాగితం తీసి మా ముందు ఉంచాడు.

"హజ్రత్, పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. వచ్చినవారిని కూర్చోబెట్టడానికి ఇంట్లో చోటు లేదు. ఇల్లు మారదామనుకుంటున్నాను. మీరొకసారి ఈ లెక్క చూసి దుఆ చేయండి" అన్నాడు.

దుఆకు ముందు లెక్క చూశాము. నెలసరి ఆదాయం 26,000 రూపాయలు. ఇంట్లో అయిదుగురు: దంపతులు, పంతొమ్మిదేళ్ల అమ్మాయి, పద్నాలుగేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల చిన్నపాప. ప్రస్తుతం ఉంటున్న రెండు గదుల ఇంటి అద్దె 7,500. యజమానురాలు మరో వెయ్యి పెంచమంటున్నారు. అతను చూసి వచ్చిన ఇళ్లు రెండు. ఒకటి టోలీచౌకి వైపు అపార్ట్‌మెంట్‌లో, అద్దె 13,000. రెండవది పాతబస్తీలోనే. దానికి అయిదు లక్షలు డిపాజిట్ ఇస్తే నెలనెలా అద్దె ఉండదు. ఖాళీ చేసేటప్పుడు సొమ్మంతా తిరిగి ఇస్తారు.

"ఇరవై ఆరు వేలలో పదమూడు వేలు, అంటే సగం. ఎలాగో సర్దుకుంటాము హజ్రత్" అన్నాడు.

ఆ రాత్రి ఇషా అజాన్ వరకు అతనితో కూర్చుని వేసిన లెక్కను, అతని అనుమతితోనే, పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇటువంటి కాగితాలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి.

ఆదాయం ఎవరిది?

మొదటి పొరపాటు మొదటి పంక్తిలోనే ఉంది. 26,000లో అతని జీతం 22,000. మిగిలిన 4,000 అతని భార్య మగ్గం పని చేసి సంపాదిస్తున్నది. షరీఅత్ ప్రకారం భార్యాబిడ్డలకు నివాసం కల్పించవలసిన బాధ్యత భర్తది. భార్య సంపాదన ఆమె సొత్తు. ఆమె తన ఇష్టంతో దానిని ఇంటికి ఖర్చు చేస్తే అది ఆమె చేసే మేలు. అల్లాహ్ వద్ద ఆమెకు దాని ప్రతిఫలం ఉంది. ఆ సొమ్మును భర్త ముందుగానే తన ఖాతాలో కలుపుకొని అద్దె ఒప్పుకోవడం మాత్రం సరికాదు. పైగా మగ్గం పని పెళ్లిళ్లను బట్టి ఉంటుంది. పెళ్లిళ్లు లేని నెలల్లో ఆ రాబడి ఉండదు, అద్దె గడువు మాత్రం తప్పదు.

అందుచేత 26,000 కొట్టివేసి 22,000 రాశాము.

శాతం చెప్పని సంగతి

ఆదాయంలో ముప్పై శాతానికి మించి ఇంటి అద్దెకు పెట్టరాదని చదువుకున్నవారు చెబుతుంటారు. ఈ కొలత అమెరికాలోని ప్రభుత్వ గృహాల అద్దె నిబంధనల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ 1969లో అద్దెకు ఆదాయంలో 25 శాతం పరిమితి విధించారు. 1981లో దానిని 30 శాతానికి పెంచారు. అది గుర్తు పెట్టుకోవడానికి సులువైన కొలతే. కాని అన్ని ఇళ్లకూ అది ఒకే రీతిగా వర్తించదు. లక్ష రూపాయలు సంపాదించే ఇంట్లో ముప్పై శాతం పోగా 70,000 మిగులుతుంది. 22,000 సంపాదించే ఇంట్లో అదే ముప్పై శాతం పోగా మిగిలేది 15,400. బియ్యం, నూనె, పాలు ఇద్దరికీ ఒకే ధర. కనుక అద్దెకు ఎంత పోతున్నదని అడిగి ఊరుకోరాదు. అద్దె పోగా వంటింటికి, బడికి, వైద్యానికి ఎంత మిగులుతున్నదని కూడా అడగాలి.

ఆ విధంగా లెక్క వేశాము. టోలీచౌకి ఇంటికి అద్దె 13,000, మెయింటెనెన్స్ 1,500. అక్కడి నుంచి దుకాణానికి రాకపోకలకు అదనంగా మరో 1,500. మొత్తం 16,000. మిగిలేది 6,000. రోజుకు 200 రూపాయలు. అయిదుగురు మనుషులకు తలా 40. ఇందులోనే తిండి, ఫీజులు, మందులు, బట్టలు, పండుగ.

ప్రస్తుతం ఉంటున్న ఇంటికి అద్దె 7,500, నీళ్ల మోటారుకూ మెట్ల దీపానికీ 500. మిగిలేది 14,000. తలా రోజుకు సుమారు 93 రూపాయలు. అతను దుకాణానికి నడిచి వెళతాడు.

అతను చాలాసేపు ఆ 40 అంకెను చూస్తూ కూర్చున్నాడు.

ఇల్లు మారేవారు విద్యుత్తు సంగతి కూడా చూసుకోవాలి. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద రేషన్ కార్డు గల అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల లోపు విద్యుత్తు ఉచితం. అది అద్దెకుండేవారికీ వర్తిస్తుంది. కాని రెండు మూడు కాపురాలకు ఒకే మీటరు పెట్టి, లోపల సబ్ మీటర్లు బిగించిన ఇళ్లలో ఆ పరిమితి ఇట్టే దాటిపోతుంది. అద్దె తక్కువని చేరిన ఇంట్లో కరెంటు బిల్లు ఎక్కువగా రావడం ఇందువల్లనే.

మేము చేసిన తప్పు

ఈ మాటలు పుస్తకం చూసి చెబుతున్నవి కావు. ఉపాధ్యాయ వృత్తిలో చేరిన తొలినాళ్లలో మేము కూడా బంధువులు ఏమనుకుంటారోనని జీతంలో సగానికి పైగా మింగే ఇంట్లో చేరాము. ఇరవయ్యో తేదీ వచ్చేసరికి కిరాణా దుకాణంలో ఖాతా నిండిపోయేది. ఆ దుకాణం మస్జిదుకు వెళ్లే దారిలోనే ఉండేది. కొన్ని నెలలు మేము మరో సందు చుట్టూ తిరిగి నమాజుకు వెళ్లాము. దైవప్రవక్త (స) నమాజులో అప్పు నుండి తరచు అల్లాహ్ శరణు వేడేవారని, అప్పులో ఉన్నవాడు మాట్లాడితే అబద్ధమాడతాడని, మాట ఇస్తే తప్పుతాడని అందుకు కారణం చెప్పారని హదీసులో ఉంది. పిల్లలకు ఆ హదీసు బోధిస్తూ, దుకాణదారునితో "ఎల్లుండి తప్పక ఇస్తాము" అని చెప్పిన రోజులు మాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

షరీఅత్ కోరే ఇల్లు

విశాలమైన ఇల్లు మనిషి సౌభాగ్యాలలో ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు. కనుక మంచి ఇంటిని కోరుకోవడం తప్పు కాదు. అయితే దివ్య ఖుర్‌ఆన్ అత్తలాఖ్ సూరాలో నివాసం గురించి, పోషణ గురించి చెప్పినప్పుడు మనిషి స్తోమతనే కొలతగా పెట్టింది. కలిగినవాడు కలిగినంతలో, లేనివాడు తనకు అల్లాహ్ ప్రసాదించినంతలో ఖర్చు చేయాలన్నది దాని భావం.

ఫిఖహ్ గ్రంథాలు భార్యకు దక్కవలసిన నివాసాన్ని వివరించేటప్పుడు మొదట చూసేది ఏకాంతాన్ని. ఉమ్మడి ఇల్లయినా సరే, ఆమె తాళం వేసుకోగలిగిన, ఇతరులు చొరబడని గది ఆమెకు ఉండాలని హనఫీ ఫుఖహాలు రాశారు. పదేళ్లు నిండిన పిల్లల పడకలు వేరు చేయాలని హదీసు బోధిస్తున్నది. నీరు, మరుగుదొడ్డి, పరదా, పిల్లలకు వేర్వేరు పడకలు అవసరాలు. సంబంధం చూడటానికి వచ్చినవారి కోసం లిఫ్టు, టైల్స్ వేసిన హాలు కోరిక. మన విద్యార్థి ఇంట్లో అబ్బాయి పడకకు చోటు లేకపోవడం నిజమైన అవసరమే. దానికి పెద్ద గదిలో చెక్కతో ఒక అడ్డుగోడ కట్టిస్తే సరిపోతుందని అతనే చెప్పాడు.

డిపాజిట్ ఇల్లు

ఇక రెండవ ఇల్లు. అద్దె లేదనగానే చాలామంది సంతోషిస్తారు. కాని అయిదు లక్షలు ఇచ్చి, తిరిగి అయిదు లక్షలూ తీసుకుంటున్నప్పుడు ఆ సొమ్ము పేరుకు డిపాజిట్ అయినా స్వభావంలో అప్పే. ఆ అప్పు ఇచ్చినందుకు ప్రతిఫలంగా ఉచితంగా ఇంట్లో ఉండటం అప్పు మీద పొందే లాభం. షరతుతో కూడిన అటువంటి లాభం వడ్డీ కిందికే వస్తుందని మన ఫుఖహాలు చెబుతున్నారు. డిపాజిట్ భారీగా ఇచ్చి నామమాత్రపు అద్దె రాసుకోవడం కూడా ఇదే కోవకు చెందుతుంది. న్యాయమైన అద్దె చెల్లిస్తూ, నష్టానికి హామీగా ఒకటి రెండు నెలల అడ్వాన్సు ఉంచడం వేరు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాల అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని సూచించింది. అయితే రాష్ట్రాలు స్వీకరించినప్పుడే అది అమలవుతుంది.

"అయిదు లక్షలు ఎక్కడివి?" అని అడిగాము. తల వంచుకున్నాడు. "సగం బావమరిది సర్దుతానన్నాడు. మిగతాది ఆమె బంగారం" అన్నాడు. మహర్‌గా అందిన బంగారమది. ఏ ఇల్లు కల్పించడం భర్త బాధ్యతో, ఆ ఇంటికి భార్య మహర్ కరగబోతున్నది. "ఆమెను అడిగావా బేటా?" అన్నాము. "ఇంకా అడగలేదు హజ్రత్" అన్నాడు.

యజమానురాలి లెక్క

మరుసటి శుక్రవారం ఇద్దరమూ కలిసి అతని ఇంటి యజమానురాలి వద్దకు వెళ్లాము. ఆమె వితంతువు. ఆ అద్దే ఆమె జీవనాధారం. ఆమె మందులు, వంట అందులోనే. ధరలు పెరిగింది అద్దెకుండేవారికి మాత్రమే కాదు. మదీనాలో మస్జిద్ కోసం ఎంచుకున్న స్థలం ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా దైవప్రవక్త (స) వెల చెల్లించే తీసుకున్నారు. పేదరికం పేరుతో ఎదుటివారి హక్కును తగ్గించమనడం కూడా న్యాయం కాదు.

మాటలయ్యాక 500 పెంచడానికి అంగీకారం కుదిరింది. వానకు కారే పైకప్పును ఆమె బాగు చేయిస్తారు. అడ్డుగోడ ఖర్చు అతనిది. పదకొండు నెలల ఒప్పందం రాసుకున్నారు. అప్పు లావాదేవీలను రాసుకోమని దివ్య ఖుర్‌ఆన్ తన అతి దీర్ఘమైన ఆయత్‌లో ఆదేశించింది. అద్దె విషయంలోనూ నోటిమాట కన్నా రాత మేలు. ఇప్పుడు ఆ ఇంట్లో నెలకు 13,500 మిగులుతున్నది.

షవ్వాల్‌లో ఒక సంబంధం వారు వచ్చి చూసి వెళ్లారు. మళ్లీ కబురు లేదు. ఇల్లు కారణమో, మరేదో వారు చెప్పలేదు. ఆ తండ్రి మనసు నొచ్చుకున్నదని మాకు తెలుసు. అమ్మాయి మాత్రం చదువు కొనసాగిస్తున్నది. ఫీజు సకాలంలో కట్టారు.

స్తోమత గలవారికి ఒక మాట. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో అప్పులపాలైనవారు ఒకరు. అర్హత ఉన్నట్లయితే అద్దె బకాయి పడిన మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు జకాత్ ఇవ్వవచ్చు. అయితే సొమ్ము వారి చేతికి అందాలి. ఇంటి యజమాని అద్దె బకాయిని మాఫీ చేసి, అదే తన జకాత్ అనుకుంటే హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ నెరవేరదు. ముందు సొమ్ము ఇవ్వాలి. ఆ తరువాత అతను దానితో బకాయి తీర్చుకోవచ్చు.

ఇల్లు మారదలచిన ప్రతి కుటుంబ యజమానీ ముందుగా భార్యతో కూర్చుని ఒక కాగితం మీద తన ఆదాయం రాసి, అద్దెతో పాటు ఇంటికయ్యే ప్రతి ఖర్చునూ తీసివేసి, మిగిలినదాన్ని ఇంటిలోని మనుషుల సంఖ్యతోను, ముప్పై రోజులతోను భాగించి చూడాలని మా విన్నపం. ఆ అంకె చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. అల్లాహ్ మనందరి ఇళ్లలో శుభాన్ని, మన చేతుల్లో హలాల్ సంపాదనను, మన భుజాలకు అప్పు నుండి విముక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.