నిశ్చితార్థం ఫోటోకు ఏ వేళ మంచిది?

సింహాచలంలో నిశ్చితార్థం జరిగింది. కొండమీద గుడి వెలుపల ఆ జంటను నిలబెట్టి మీరు ఫోటో తీయాలి. ఏ వేళ తీస్తారు?

వేసవి ముహూర్తమైతే మిట్టమధ్యాహ్నం వద్దు. సింహాచలం సుమారు 17.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కనుక మే రెండవ వారంలో సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కనుబొమల నీడ పడి పెళ్ళికూతురి కళ్ళు గుంటల్లా కనిపిస్తాయి. ఖగోళశాస్త్రం చదవకపోయినా ఈ సంగతి ఫోటోగ్రాఫర్లకు బాగా తెలుసు!

సాయంత్రం దాకా ఆగండి. ఈ గుడి పడమటి ముఖంగా ఉంది. ఎండ ఏటవాలుగా గుడిమీదా, జంట ముఖాలమీదా పడుతుంది. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి కిరణాలు మధ్యాహ్నంకన్నా సుమారు ఐదున్నర రెట్లు గాలిని దాటి రావాలి. గాలి అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. మనదాకా వచ్చేదానిలో పసుపు, నారింజ వన్నెలే మిక్కిలి. పెళ్ళికొడుకు తెల్లచొక్కా పచ్చగా వస్తే కెమెరాను తిట్టకండి.