దృశ్యం, ధ్వని: కళావిద్యార్థి తొలి అడుగులు

తిరుత్తణి కొండను చిత్రకళా విద్యార్థి కాగితంపై గీసినప్పుడు మెట్లు, గోపురం, చెట్ల నీడలు కుదిరితే పని పూర్తవుతుంది. అదే కొండను వీడియోగా తీసినప్పుడు మరొక ప్రశ్న ఎదురవుతుంది. ఆ కొండ ఎలా వినిపించాలి? 365 మెట్లు ఎక్కే భక్తుల అడుగుల సవ్వడి కోసం రికార్డు చేసినా, ఇంటికి వచ్చి వింటే తరచుగా గాలి హోరు, బస్సు హారనే మిగులుతాయి. మనిషి చెవి తనకు కావలసిన శబ్దాన్ని ఏరుకొని మిగిలినవాటిని పక్కకు నెడుతుంది. మైకుకు ఆ వివేకం లేదు. చేరువలో ఉన్నదానినీ, బిగ్గరగా ఉన్నదానినీ అది ముందుగా పట్టుకుంటుంది. ఈ భేదాన్ని గ్రహించడమే ధ్వని రచనలో మొదటి పాఠం.

బొమ్మకు ధ్వనిని జోడించాలన్న తపన తెలుగువారికి కొత్తది కాదు. మచిలీపట్నం నుండి మద్రాసుకు వలస వచ్చి ఛాయాచిత్రకారుడుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య నాయుడు, 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించి ప్రదర్శనలు ఇచ్చారు. అందులో బొమ్మ ఫిల్ముపై, ధ్వని గ్రామఫోను పళ్ళెంపై వేరువేరుగా ఉండేవి. రెండింటినీ ఏకకాలంలో నడిపించడమే అక్కడి నేర్పు. నేడు ఫోనుతో వీడియో తీసి, వేరొక ఫోనుతో మాటలు రికార్డు చేసే విద్యార్థి ముందున్నదీ అదే సమస్య. పరిష్కారం సులభం. రెండు పరికరాలూ నడుస్తుండగా కెమెరా ఎదుట ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమునూ, చప్పుడు మొదలైన చోటునూ ఒకే వరుసలోకి తెస్తే పెదవులూ మాటలూ కలుస్తాయి.

దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంత దూరం నుండి గంట మోగించడాన్ని చిత్రీకరిస్తే, గంట కదిలిన ఒక సెకను తరువాత దాని నాదం మైకును చేరుతుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది 25 ఫ్రేముల ఆలస్యం. ఆ ఆలస్యాన్ని అలాగే ఉంచితే చూసేవారికి దూరం స్ఫురిస్తుంది. సరిదిద్దితే గంట చేరువైనట్లు తోస్తుంది. ఏది కావాలో విద్యార్థి ముందే నిర్ణయించుకోవాలి.

మాటలను రికార్డు చేసేటప్పుడు మైకును నోటికి జానెడు దూరంలో, కొద్దిగా పక్కకు ఉంచడం మేలు. ఎదురుగా ఉంచితే ప, ఫ, బ, భ అక్షరాల వద్ద వెలువడే ఊపిరి మైకును తాకి బుస్సుమంటుంది. ఆరుబయట మైకుకు పలుచని స్పాంజి తొడుగు వేస్తే గాలి హోరు తగ్గుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకొని వింటూ రికార్డు చేస్తే లోపం అక్కడికక్కడే తెలుస్తుంది. వీడియోకు తోడయ్యే ధ్వనిని సెకనుకు 48,000 నమూనాల చొప్పున నమోదు చేయడం వాడుక. ప్రతి స్థలంలోనూ ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం పాటు అక్కడి పరిసర ధ్వనిని విడిగా తీసి ఉంచుకోవాలి. ఎడిటింగ్‌లో మాటను కత్తిరించిన చోట ఏర్పడే శూన్యాన్ని అతుకు తెలియకుండా పూడ్చేది అదే. ధ్వనిని సవరించడానికి ఆడాసిటీ, వీడియోను కూర్చడానికి కెడెన్‌లైవ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా లభిస్తాయి.

అనుమతుల విషయంలో జాగ్రత్త అవసరం. ఆలయాలలో సెల్‌ఫోన్‌ల వాడకాన్ని నిషేధించవలసిందిగా 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది. కనుక తిరుత్తణిలోగాని, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి ఆలయంలోగాని లోపల చిత్రీకరించాలంటే ఆలయ కార్యాలయాన్ని ముందుగా సంప్రదించాలి. సినిమా పాటలను నేపథ్యంగా వాడరాదు. భారత కాపీరైటు చట్టం ప్రకారం రికార్డింగుకు, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల పాటు రక్షణ ఉంటుంది. కావడి మోసేవారి కాలిగజ్జెలు, సబర్బన్ రైలు ప్రకటన, పూల అంగడి కేకలు వంటివాటిని స్వయంగా సేకరించుకుంటే ఆ చిక్కు చాలావరకు తప్పుతుంది.

ఏమి రికార్డు చేయాలన్న ప్రశ్నకు ఈ ప్రాంత చరిత్రే సమాధానం చెబుతుంది. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ మార్పిడిలోనే నేటి తిరువళ్ళూరు ప్రాంతంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన కుటుంబాలవి. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. బడిలో మారిన పాఠ్యభాష, సంతలో కలగలిసిన తెలుగు తమిళాలు, అమ్మ పాడిన జోలపాట వారి జ్ఞాపకంలో ఉన్నాయి. ఉపాధికై ఇటీవల వచ్చిన కుటుంబాలలోనూ పెద్దవారి మాటతీరు పిల్లల నాటికి మారిపోతున్నది. కొండను రేపు మళ్లీ చిత్రీకరించవచ్చు. అవ్వ గొంతును ఎప్పుడైనా తీయవచ్చునని అనుకోవడానికి వీలులేదు.

అందువలన తొలి ప్రాజెక్టుగా ఇంటి పెద్దలతో అయిదు నిమిషాల సంభాషణ చాలు. ఎందుకు రికార్డు చేస్తున్నదీ, ఎక్కడ ప్రదర్శించేదీ ముందే చెప్పి వారి సమ్మతి పొందాలి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మాటకు అడ్డురాకుండా వినాలి. వారు ఆగినప్పుడు వెంటనే మరో ప్రశ్న వేయరాదు. అసలు సంగతి తరచుగా ఆ మౌనం తరువాతనే వస్తుంది. ఫైలుకు తేదీ, ఊరు, మాట్లాడినవారి పేరు చేర్చి రెండు వేరువేరు చోట్ల భద్రపరచాలి.

ఈ విద్యను మరింత లోతుగా అభ్యసించదలచినవారికి చెన్నై ఎగ్మూరులో 1850లో మొదలైన ప్రభుత్వ లలితకళా కళాశాల, తరమణిలోని ఎం.జి.ఆర్. ప్రభుత్వ చలనచిత్ర, టెలివిజన్ శిక్షణ సంస్థ ఉన్నాయి. ప్రవేశానికి దరఖాస్తు చేసే నాటికి చేతిలో ఒక చిన్న వీడియో సిద్ధంగా ఉంటే, అది విద్యార్థి అభ్యాసానికి నిదర్శనంగా నిలుస్తుంది. ఆ వీడియో ఇంట్లో అవ్వ మాటలతోనే మొదలు కావచ్చు.