మీకు తెలుసా? సదస్సులో మాట, జగిత్యాల మడిలో ఈగ

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఏ డిగ్రీ కాలేజీ గేటుకైనా 'జీవశాస్త్రాలు - సమాజం' తరహా సదస్సు ఫ్లెక్సీ కట్టడం మామూలే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సావనీరు ఆవిష్కరణ, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం సర్టిఫికెట్లు. "దీనివల్ల ఊరికేం ఒరిగింది?" అని అడిగేవాళ్లకూ కొదవ లేదు. చాలావాటివల్ల ఏమీ ఒరగదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ఎక్కడో పరాయి దేశపు సదస్సులో పలికిన మాట మన గుట్టల దాకా వచ్చిన సందర్భాలున్నాయి. మన మడిలోని ఈగ శాస్త్ర పత్రాల్లోకెక్కిన సందర్భమూ ఉంది.

జగిత్యాల ఈగకు ఒక నంబరుంది

వరి పిలక గొట్టంలా మారి, ఉల్లికాడలా తెల్లగా పైకి లేచిందంటే ఇక దానికి వెన్ను రాదు. అందుకే ఆ చీడకు ఉల్లికోడు అని పేరు. ఆ గొట్టాన్ని గోటితో చీల్చి చూడండి, అడుగున చిన్న పురుగు కనిపిస్తుంది. తల్లి ఈగ దోమంతే ఉంటుంది, నాలుగైదు రోజులకు మించి బతకదు. దాని పిల్ల మాత్రం మొక్క మొవ్వులో చేరి, తన నోటి ద్రవాలతో ఎదుగుదలనే దారి మళ్లిస్తుంది. ఆకు రావాల్సిన చోట తనకో గది కట్టించుకుంటుంది. మొక్కతోనే ఇల్లు కట్టించుకునే ఈ తెలివి చూసి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దాని వెంట పడుతున్నారు.

ఈ ఈగల్లో మన దేశంలో 7 రకాల జీవ తెగలను గుర్తించారు. చూడ్డానికి అన్నీ ఒకటే. ఏ వరి రకాన్ని తినగలదు, ఏది దానికి కొరుకుడు పడదు అన్నదే తేడా. జగిత్యాల ప్రాంతంలోనిది 3వ తెగ. జీఎం2 అనే నిరోధక జన్యువున్న వరిని అది సులువుగా తినేస్తుంది, జీఎం1 ఉన్నదాని దగ్గర ఓడిపోతుంది. అక్కడి నుంచి ఒక పూట ప్రయాణం చేసి వరంగల్ వెళ్తే 4ఎం అనే మొండి తెగ ఎదురవుతుంది. జీఎం1, జీఎం2 రెంటినీ లెక్కచేయదది. పొరుగు జిల్లా రైతుకు పనికొచ్చిన విత్తనం మనకు ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమయిందా? తప్పు రైతుదీ కాదు, విత్తనానిదీ కాదు.

ఈగ కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. ఉల్లికోడును తట్టుకుంటుందని పేరు తెచ్చుకున్న ఫాల్గుణ రకాన్ని 1980ల నడుమ శ్రీకాకుళం వైపు ఈగ తినడం మొదలుపెట్టింది. అలా బయటపడిందే 4వ తెగ. ఒకే రకాన్ని ఊరూరా ఏళ్ల తరబడి వేస్తే జరిగేది ఇదే.

దీనికి పుట్టుకతోనే శత్రువు కూడా ఉంది. ప్లాటిగాస్టర్ అనే నలుసంత కందిరీగ. ఉల్లికోడు ఈగ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డే లోపల విడిపోయి డజన్ల కొద్దీ పిల్లలవుతుంది, పురుగును లోపలి నుంచి తినేస్తుంది. అవసరం లేకున్నా మందు కొట్టే అలవాటు ముందుగా చంపేది దీన్నే.

సన్నాల వెనక పొలాస

జగిత్యాల పక్కనే ఉన్న పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. సంచుల మీద మీరు చూసే 'జేజీఎల్' అక్షరాలు జగిత్యాలవే. సాంబ మసూరిగా మనందరం ఎరిగిన బీపీటీ 5204 అన్నం బాగుంటుంది, కానీ పంటకాలం ఎక్కువ, ఉల్లికోడుకు సులువుగా దొరికిపోతుంది. దాన్ని వరంగల్‌లో పుట్టిన కావ్య రకంతో సంకరం చేసి పొలాసవాళ్లు తీసినదే జేజీఎల్ 1798, అదే జగిత్యాల సన్నాలు. ముందే కోతకొస్తుంది, ఉల్లికోడును తట్టుకుంటుంది, గింజ సన్నం. కాకతీయ కాలువ కింద యాసంగికి నీళ్లు ఎన్నాళ్లు వస్తాయో లెక్క చూసుకునే రైతుకు ఆ 'ముందే' అన్న మాట ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

ఏటా ఇక్కడ మరో సమావేశం జరుగుతుంది. దాని పేరు నోరు తిరగదు: జోనల్ పరిశోధన, విస్తరణ సలహా మండలి. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల వ్యవసాయాధికారులు, శాస్త్రవేత్తలు, రైతులు ఒకచోట కూర్చుంటారు. పోయిన ఏడు ఏ మడిలో ఏ తెగులు వచ్చిందో, ఏ సిఫారసు బెడిసికొట్టిందో చెప్పుకుంటారు. కొత్త రకాన్ని విడుదల చేయడానికి ముందు చిన్న సంచులు కట్టి రైతులకే ఇస్తారు, సొంత పొలంలో వేసి చూడమని. మినీకిట్ అంటే అదే. రైతు బాగాలేదంటే ఆ రకం అక్కడితో ఆగిపోవచ్చు. నన్నడిగితే అసలు సదస్సు ఇదే. దీనికి ఫ్లెక్సీ ఉందో లేదో ఎవరూ చూడరు.

తల దొరకని డైనోసార్

పాత ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత ఒడ్డున యామనపల్లి అనే ఊరుంది. అక్కడ దొరికిన ఎముకలకు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. శాస్త్రలోకం ఉన్నంతకాలం మన ఊరి పేరు ఆ జీవితో ఉంటుంది. ఆ రాతిపొరల వయసు దాదాపు 18 కోట్ల ఏళ్లు. ఒకటి కాదు, కనీసం 12 జంతువుల ఎముకలు అక్కడ కలగలిసి దొరికాయి. విచిత్రమేమిటంటే పళ్లు దొరికాయి, పుర్రె దొరకలేదు. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని చూసినప్పుడు తల కేసి కాస్త పరీక్షగా చూడండి. అది ఊహించి చేసింది.

స్టాక్‌హోమ్ నుంచి ఉట్నూరు

సికిల్ సెల్ వ్యాధి పేరు ఉట్నూరు లాంటి ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్లలో కొత్తది కాదు. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండక కొడవలిలా వంగి, సన్న నాళాల్లో ఇరుక్కుంటుంది. కీళ్లు పట్టేస్తాయి, నొప్పి భరించలేనంతగా వస్తుంది, రక్తం తగ్గుతుంది. కారణం ఎంత చిన్నదో చూడండి. హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఒకటుంది, అందులో 146 అమైనో ఆమ్లాలు. వాటిలో 6వది మాత్రమే మారిపోతుంది, మిగతావన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఆ మార్పును 1956లో వెర్నన్ ఇన్‌గ్రామ్ పట్టుకున్నాడు.

ఇంత కీడు చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు మిగిలిపోయింది? ఈ ప్రశ్నకు దారి 1948లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభలో దొరికింది. అక్కడ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ థలసీమియా అనే మరో రక్తవ్యాధి గురించి చెబుతూ, ఇలాంటి జన్యువు ఒక్క ప్రతిని మాత్రమే మోసేవాళ్లను మలేరియా అంతగా చంపలేదేమో అన్నాడు. అప్పటికి అది ఊహే. 1954లో ఆఫ్రికాలో ఆంథొనీ అలిసన్ సికిల్ సెల్ విషయంలో దాన్ని రుజువు చేశాడు. మలేరియాతో తరాలు సతమతమైన మన అడవి పల్లెల్లో ఈ జన్యువు ఎందుకుందో దాంతో తేలిపోయింది. అది ఆదివాసుల లోపం కాదు, ఒకప్పుడు వాళ్ల పిల్లలను కాపాడిన కవచం.

హాల్డేన్‌కూ తెలుగువాళ్లకూ మరో బంధం ఉంది. 1957లో ఆయన మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు, పౌరసత్వం తీసుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, హాల్డేన్ కోరిక ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన పథకంలో తెలంగాణ కూడా ఉంది. 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేసి కార్డులు ఇస్తారు. భార్యాభర్తలిద్దరూ ఈ జన్యువును మోసేవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. సంబంధం కలుపుకునే ముందు జాతకాలు చూసుకునేవాళ్లు ఆ కార్డులూ చూసుకుంటే పోయేదేం లేదు.

నిర్మల్ బొమ్మ, మొండి గింజ

నిర్మల్ కొయ్యబొమ్మ చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. అది పొనికి చెక్క. ముక్కల్ని అతకడానికి చింతగింజల లప్పం వాడతారు. చెట్టు అడవిలో తగ్గిపోయింది, నాటుదామంటే గింజ ఓ పట్టాన మొలవదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గింజలోంచి పిండాన్ని వేరుచేసి ప్రయోగశాలలో మొలకెత్తించే పద్ధతిని ప్రచురించారు. ఆ మొలకలు నిర్మల్ అడవిలో పెద్ద ఎత్తున చెట్లయిన రోజు దాని మీద ఓ సదస్సు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

శివ్వారం ఇసుక

మంథని దగ్గర గోదావరిలో మొసళ్ల కోసం శివ్వారం అభయారణ్యం ఉంది. మన మొసలి పిల్ల ఆడదా మగదా అన్నది జన్యువులు నిర్ణయించవు, గుడ్లున్న గుంత వేడి నిర్ణయిస్తుంది. 31 డిగ్రీల లోపయితే అన్నీ ఆడవే, 32.5 దగ్గర మగవి. పక్కనే రామగుండం ఎండలు తలచుకుంటే కాస్త కంగారు పుడుతుంది.

బుడాపెస్ట్ నుంచి బెజ్జూరు

కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు పాలరాపు గుట్ట ఉంది. ఆ కొండ చరియల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని 2013లో బయటపడింది. దేశంలో అప్పటికే ఈ జాతి 97 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయింది. ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టే పక్షి, పోయినంత వేగంగా తిరిగి రాలేదు.

ఎందుకు పోయాయి? ఏళ్లపాటు ఏదో అంటురోగం అనుకున్నారు. 2003 మే నెలలో బుడాపెస్ట్‌లో వేటపక్షుల మీద జరిగిన ప్రపంచ సదస్సులో లిండ్సే ఓక్స్ బృందం అసలు దోషిని బయటపెట్టింది. పశువులకు నొప్పి తగ్గాలని ఇచ్చే డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. నూటికి ఒక్క కళేబరంలో కూడా కాదు, అంతకన్నా తక్కువ వాటిలో మందున్నా జాతి అంతరించడానికి అది చాలని లెక్కలు తేల్చాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2006లో, పశువులకు ఆ మందు మన దేశంలో నిషేధించారు. సదస్సులో మాట చట్టమవడానికి మూడేళ్లంటే మన లెక్కలో చాలా వేగం.

దొడ్డిదారి మాత్రం మిగిలింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు చేరాయి. అందుకే 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యంలో నిషేధించారు. మెలాక్సికామ్ వల్ల రాబందుకు హాని లేదు, పశువు నొప్పీ తగ్గుతుంది. మీ ఇంట్లో ఎడ్లో బర్రెలో ఉంటే, ఈసారి సూది వేయించేటప్పుడు డాక్టరును మెలాక్సికామ్ రాయమని అడగండి. మెడికల్ షాపతను వేరేది చేతిలో పెడితే తీసుకోకండి.